ఈ వేసవిలో ఊరంతా కలిసి మట్టి లెక్క చూద్దాం

మిరప వేసే ఊళ్ళకూ పసుపు వేసే ఊళ్ళకూ కలిపి చెబుతున్న మాట ఇది. పల్నాడు, గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ళలో మిరప పండించేవాళ్ళు వినాలి. ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ వైపు తేజ రకం మిరప వేసేవాళ్ళు వినాలి. నిజామాబాద్, జగిత్యాల, దుగ్గిరాల, మైదుకూరు పసుపు రైతులు వినాలి. సొంత చేను ఉన్నవాళ్ళూ, కౌలుకు చేసేవాళ్ళూ, భూమి ఇక్కడ ఉంచి హైదరాబాదులోనో అమెరికాలోనో కాపురం ఉంటున్నవాళ్ళూ, ఎరువుల కొట్టు నడిపేవాళ్ళూ కూడా ఓ చెవి వేయాలి. ఎవరి చేలో వాళ్ళు చేసుకుంటే తీరే పని కాదు కాబట్టే ఇంతమందిని పిలుస్తున్నాను.

కల్లాలు ఖాళీ అవుతున్నాయి. మిర్చి టిక్కీలు కొన్ని యార్డుకు చేరాయి, కొన్ని రేటు కోసం కోల్డ్ స్టోరేజీలో కూర్చున్నాయి. పసుపు ఉడకబెట్టడం, ఆరబోయడం, పాలిష్ పట్టించడం చివరికొచ్చాయి. ఇక తొలకరి దాకా చేలకు తీరికే. ఏడాది మొత్తంలో మట్టి మొహం మనకు కనిపించేది ఈ కాస్త కాలమే. తక్కిన నెలలన్నీ ఆకును చూస్తాం, పూతను చూస్తాం, పురుగును చూస్తాం, గుంటూరు రేటు ఎంత పలికిందో ఫోనులో చూస్తాం. వీటన్నిటినీ మోస్తున్న నేల వైపు చూడం.

ధర మన చేతిలో లేదన్నది కొత్తగా చెప్పాల్సిన మాట కాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు పడిపోయి, చివరికి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని ఒక అంకె ప్రకటించాల్సి వచ్చింది. ఆ అంకె కోసం ఎన్ని ధర్నాలు జరిగాయో మీకు తెలుసు. ధర మీద పోరాటం ఆపమని నేననను. కానీ పెట్టుబడిలో మన చేతిలో ఉన్న భాగం ఒకటుంది. అది ఎరువు. అక్కడ డబ్బు పోతోంది, దానితోపాటు నేల కూడా పోతోంది.

ముందే ఒక సంగతి తేల్చుకుందాం. రసాయన ఎరువు విషమనీ, దాన్ని ఊరి పొలిమేర దాటించాలనీ చెప్పడానికి నేను రాలేదు. మొక్క తినేది ఖనిజాలనే అని జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ 1840లో పుస్తకం రాసి మరీ వాదించాడు. ఆ మాట నిలబడింది. పెంటలోంచి వచ్చిన నత్రజని అయినా, యూరియాలోంచి వచ్చిన నత్రజని అయినా వేరు దగ్గరికి చేరేసరికి ఒకటే రూపం. ఎకరానికి ఇరవై, పాతిక క్వింటాళ్ళ ఎండుమిర్చి తీయాలనుకున్నప్పుడు, తొమ్మిది నెలలు నేలలో ఉండే పసుపు నుంచి పుట్ల కొద్దీ పచ్చిదుంప తవ్వాలనుకున్నప్పుడు, అంత ఆహారం ఎక్కడినుంచో రావాల్సిందే. నాలుగు బండ్ల పెంట తోలి అంత పంట అడిగితే నేల ఇవ్వలేదు.

శ్రీలంక సంగతి గుర్తుందా? 2021 మే నెలలో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. రైతులకు సిద్ధపడే వ్యవధి లేదు, బదులుగా వేయడానికి సరిపడా సేంద్రియ ఎరువు లేదు. వరి పడిపోయింది, తేయాకు పడిపోయింది, నవంబరుకల్లా ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆవేశంతో చేసిన మంచి పని కూడా కొంప ముంచుతుంది. మనం ఆవేశపడొద్దు, లెక్క వేద్దాం.

మిరపకు నీటి వసతి కింద మన వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే మోతాదు ఎకరానికి 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. దీనికి ముందు దుక్కిలో పది టన్నుల పశువుల ఎరువు. ఈ అంకెలు చాలామంది విన్నవే, కరపత్రాల మీద చూసినవే. కట్టల్లోకి మార్చి చూసినవాళ్ళు తక్కువ. ఇప్పుడు మారుద్దాం. ఒక డీఏపీ కట్ట 50 కిలోలు, అందులో భాస్వరం నూటికి 46 పాళ్ళు. అంటే కట్టకు 23 కిలోలు. అంటే పంట మొత్తానికి, నారు నాటిన రోజు నుంచి ఆఖరి కోత దాకా, మిరపకు కావాల్సిన భాస్వరం దాదాపు ఒకే ఒక్క డీఏపీ కట్టలో ఉంది.

మళ్ళీ చదవండి. ఒక్క కట్ట.

ఇప్పుడు మనం వేసేది చూద్దాం. ఒక చేను అనుకోండి. దుక్కిలో రెండు డీఏపీ. నాటిన తర్వాత విడతలుగా మూడు కట్టలు ఇరవై ఎనిమిది ఇరవై ఎనిమిది కాంప్లెక్స్ ఎరువు. కాయ ఊరే వేళకు రెండు కట్టలు పద్నాలుగు ముప్పై అయిదు కాంప్లెక్స్. పైన యూరియా సరేసరి. ఇది అతిశయోక్తి అనిపిస్తే మీ బిల్లులు తీసి చూసుకోండి, ఇంతకు మించినవి కూడా దొరుకుతాయి. భాస్వరం ఎంత పడింది? డీఏపీలో 46 కిలోలు, ఇరవై ఎనిమిదిలో 42, పద్నాలుగు ముప్పై అయిదులో 35. మొత్తం 123 కిలోలు. కావాల్సినది 24. అయిదు రెట్లు! అదనంగా పడ్డ భాస్వరాన్ని డీఏపీ ధరలో కట్టినా కట్ట 1,350 చొప్పున ఎకరానికి అయిదు వేలు దాటింది. మరి పొటాష్? 48 కిలోలు కావాల్సిన చోట ఆ పద్నాలుగు ముప్పై అయిదు పుణ్యాన 14 కిలోలు పడింది. కాయ బరువుకూ రంగుకూ తోలు మందానికీ పనికొచ్చే పొటాష్‌కు ఎగనామం పెట్టి, అక్కర్లేని భాస్వరాన్ని అయిదింతలు మోశాం. కూరలో ఉప్పు చాలకపోతే ఇంకో గరిటె కారం వేసినట్టుంది మన వ్యవహారం.

ఆ మిగులు భాస్వరం ఎటూ పోదు, నేలలో దాచుకున్నట్టే కదా అనే పెద్దలున్నారు. కొంత నిజమే. మన నల్లరేగళ్ళలో సున్నం ఎక్కువ కాబట్టి భాస్వరం దానితో ముడిపడి కదలకుండా కూర్చుంటుంది. కూర్చుని ఊరుకోదు, మొక్కకు జింకు అందకుండా అడ్డం పడుతుంది. లేత ఆకులు చిన్నవైపోయి, ఈనెల మధ్య పాలిపోయిన మిరప మొక్కను చూసి మనం ఏం చేస్తాం? కొట్టుకు వెళ్తాం. కొట్టులో ఇంకో కాంప్లెక్స్ కట్టో, రంగు సీసాలో ఏదో టానిక్కో ఇస్తారు. లోపం కట్ట వల్ల వచ్చింది, దానికి మందుగా మళ్ళీ కట్టే వచ్చింది.

నత్రజని కథ ఇంకో రకం. అది ఎక్కువైతే మిరప ఏపుగా, నల్లగా, కళ్ళకు ఇంపుగా పెరుగుతుంది. పక్క చేను రైతు గట్టు మీద నిలబడి చూసి, ఇంటికి పోయి తానూ ఇంకో యూరియా కట్ట వేస్తాడు. ఊళ్ళో ఎరువు మోతాదు ఎక్కువ భాగం నిర్ణయమయ్యేది ఆ గట్టు మీదే, పరిశోధన కేంద్రంలో కాదు. కానీ ఆ లేత, రసం నిండిన ఆకు మనకు ఎంత ఇంపో రసం పీల్చే పురుగుకు అంతకంటే ఇంపు. పై ముడత తెచ్చే తామర పురుగు, కింది ముడత తెచ్చే తెల్లనల్లి అక్కడికే చేరతాయి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూతను ఊడ్చేసిన ఏడాది ఎవరమూ మర్చిపోలేం. ఆ పురుగు బయటినుంచి వచ్చింది, యూరియా దాన్ని పుట్టించలేదు. కానీ నత్రజని అతిగా వేయొద్దని అప్పుడు శాస్త్రవేత్తలు పదేపదే చెప్పింది ఊరికే కాదు. యూరియా మీద ఒక రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టినవాడు పురుగుమందు మీద పది పెట్టాల్సి వస్తుంది. ఆ పురుగుమందు అవశేషాలే తర్వాత మన సరుకును విదేశీ రేవులో నిలబెడతాయి.

పైగా వేసిన యూరియా అంతా మొక్కకు చేరుతుందా? తడి నేల మీద చల్లి వదిలేస్తే, అందులోనూ సున్నపు పాలు ఉన్న నేలలో, అమ్మోనియా అయి గాలిలో కలుస్తుంది. భారీ తడి పెడితే నైట్రేటు రూపంలో కిందికి దిగి బోరు నీళ్ళలో చేరుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. సీసా పాలు తాగే పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తిని అది తగ్గిస్తుంది. మీ చేలో వేసిన యూరియా మీ గట్టు దగ్గర ఆగదు. మీ పక్కింటి పిల్లవాడు తాగే నీళ్ళలోనూ ఉంటుంది. ఇది ఊరి పని అని నేను మొదట్లోనే అనడానికి ఇదొక కారణం.

పసుపు రైతుల దగ్గరికి వద్దాం. పసుపు నేలనుంచి అన్నిటికంటే ఎక్కువగా లాగేది పొటాష్‌ను, నత్రజని కంటే కూడా ఎక్కువ. మనం పెట్టేది మాత్రం యూరియా, డీఏపీ. నత్రజని మితిమీరితే ఆకు ఏనుగు చెవంత అవుతుంది, తవ్వి చూస్తే కొమ్ము సన్నం. ఇంకో పొరపాటు చూడండి. వానాకాలం మధ్యలో పసుపు మొవ్వాకు తెల్లబారుతుంది. కంగారుపడి యూరియా చల్లుతారు. నత్రజని లోపం ఎప్పుడూ కింది ముసలి ఆకుల్లో ముందు కనిపిస్తుంది, ఎందుకంటే మొక్క వాటినుంచి తీసి లేత ఆకుకు పెడుతుంది. లేత ఆకే ముందు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుప ధాతువు లోపం. దానికి కావాల్సింది అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపిన పిచికారీ. కొన్ని పదుల రూపాయల్లో పోయే రోగానికి బస్తాలు మోయడం మానుకోవాలంటే ఏ ఆకు ముందు తిరిగిందో వంగి చూడాలి. కలుపు తీసే ఆడవాళ్ళు రోజూ వంగే ఉంటారు. చేలో ఏ మూల మొక్క ఎలా ఉందో యజమానికంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. అడిగేవాళ్ళు లేరు.

నిజామాబాద్‌లో 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఎన్నేళ్ళ పోరాటమో అది. బోర్డు మార్కెట్ చూస్తుంది, ఎగుమతి చూస్తుంది, రకాలు చూస్తుంది. మీ చేలో సేంద్రియ కర్బనం ఎంతుందో చూడటానికి బోర్డు రాదు.

ఆ సేంద్రియ కర్బనమే అసలు సంగతి. భూసార పరీక్షలో అర శాతం కంటే తక్కువ వస్తే తక్కువ కింద లెక్క, ముప్పావు దాటితే ఎక్కువ. మన వేడికి కుళ్ళే పదార్థం త్వరగా కరిగిపోతుంది, ఏటా పెట్టకపోతే తరుగుతూనే ఉంటుంది. ఆ కర్బనం తగ్గిన నేల వేసిన ఎరువును పట్టి ఉంచలేదు. తడి నిలుపుకోలేదు, ఎండితే రాయి, తడిస్తే బురద. అందులో సూక్ష్మజీవులకు తిండి లేదు. అలాంటి నేలలో నిన్న మూడు కట్టలతో వచ్చిన పంటకు ఇవాళ అయిదు కావాలి. ఎరువు పనిచేయట్లేదు, కల్తీ అయింది అని కొట్టువాడి మీద పడతాం. కల్తీలు లేవని కాదు. చాలాసార్లు కట్టలో ఉన్నది మంచి ఎరువే, దాన్ని పట్టుకునే చేతులు నేలకు లేవు.

ఇదంతా ఊహ కాదు. దేశంలో 1970లలో మొదలుపెట్టి ఈనాటికీ అదే మడిలో, అదే ఎరువు, అదే పంట వేస్తూ దీర్ఘకాలిక ప్రయోగాలు నడుపుతున్నారు. హిమాచల్ ప్రదేశ్ పాలంపూర్‌లో నత్రజని ఒక్కటే వేస్తూ పోయిన మడిలో మొక్కజొన్న, గోధుమ చివరికి పండటమే మానేశాయి. అది ఆమ్ల గుణం ఉన్న, పులిసిన నేల, మన నల్లరేగడి అంత త్వరగా పులియదు, కాబట్టి అదే గతి మనకూ అని భయపెట్టను. కానీ అదే ప్రయోగంలో రసాయన ఎరువుకు పశువుల ఎరువు జోడించిన మళ్ళు ఏళ్ళు గడిచినా దిగుబడి నిలబెట్టుకున్నాయి. పసుపు చేలకు కూతవేటులో ఉన్న జగిత్యాల పరిశోధన స్థానంలోనూ వరి మీద ఇలాంటి ప్రయోగం నడుస్తోంది. వెళ్ళి చూడొచ్చు, ఎవరూ కాదనరు. హరిత విప్లవం అప్పుడే తలెత్తుతున్న రోజుల్లో, 1968 జనవరిలో వారణాసిలో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఎం.ఎస్. స్వామినాథన్ ఒక హెచ్చరిక చేశారు. నేల సారాన్ని కాపాడకుండా సాగును ముమ్మరం చేస్తే చివరికి మిగిలేది ఎడారి అని. ఆ విప్లవాన్ని నడిపించిన మనిషే చెప్పిన మాట అది. పంట సంగతి విన్నాం, నేల సంగతి వినలేదు.

తప్పు రైతుదేనని నేను చెప్పడం లేదు. 2010లో పోషకాల లెక్కన సబ్సిడీ విధానం తెచ్చినప్పుడు యూరియాను అందులోంచి బయట పెట్టారు. 45 కిలోల యూరియా కట్ట 266 రూపాయల యాభై పైసల దగ్గర ఆగిపోయింది, తక్కినవి ఎగిరాయి. చవకగా ఉన్నదే చేతికి వస్తుంది, అందులో తప్పు పట్టడానికి ఏముంది? 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం చెప్పులనూ పాసు పుస్తకాలనూ వరుసలో పెట్టి రైతులు రాత్రులు కాచుకున్నారు. ఆడవాళ్ళు కూడా నిలబడ్డారు. ఆ అవమానం మనకు రాకుండా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వాలది, అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. అదే సమయంలో ఇంకో విషయం. పొటాష్ అంతా దిగుమతి సరుకే. భాస్వరం ఎరువుల ముడి సరుకు చాలావరకు దిగుమతే. యూరియా తయారీకి కావాల్సిన గ్యాస్‌లోనూ పెద్ద భాగం బయటిదే. ఎక్కడో యుద్ధం జరిగితే మన ఊరి కొట్టు ముందు వరుస పెరుగుతుంది. అలాంటి సరుకును ఎకరానికి అయిదింతలు వేసి నేలలో పూడ్చడం కంటే పెద్ద దుబారా ఏముంటుంది?

ఇక కౌలు. మిరప ఊళ్ళలో ఈ మాట ఎత్తకుండా మట్టి గురించి మాట్లాడటం దొంగతనం. చాలా చేలు దున్నేది కౌలు రైతు. అతనికి చేను ఒక ఏడాదిది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చిన సాగుదారు కార్డు గడువు పదకొండు నెలలు. పెంట తోలితే మొదటి ఏడాది అందులో సారం కొంతే విడుదలవుతుంది, తక్కినది రెండో ఏడాది, మూడో ఏడాది అందుతుంది. వచ్చే ఏడు ఈ చేను ఎవరిదో తెలియని మనిషి మూడేళ్ళ ఎరువు ఎందుకు తోలుతాడు? కట్ట వేస్తాడు, ఈ కాపు తీసుకుంటాడు, కౌలు కడతాడు. నేను అతని స్థానంలో ఉన్నా అదే చేస్తాను.

కాబట్టి భూస్వాములారా, ముఖ్యంగా దూరాన ఉన్నవాళ్ళారా, ఇది మీతో. కౌలు ఏటా పెంచుకుంటూ పోతున్నారు, అందుతున్న డబ్బు మీ పొలం సారం కరిగి వస్తున్న డబ్బు. మీ కౌలుదారుకు కనీసం మూడేళ్ళ మాట ఇవ్వండి. పెంటకో, చెరువు మట్టికో, జీలుగ విత్తనానికో అయ్యే ఖర్చులో సగం మీరు పెట్టుకోండి. పొలం మీ పేరునే ఉంటుంది, ఎవరూ ఎత్తుకుపోరు. బాగుపడితే మీ పిల్లలకే. ఊరికి గుడి కట్టించడానికీ గేటు పెట్టించడానికీ చందాలు పంపిస్తున్న చేతులే ఇవి. ఒక్క ఏడాది ఆ చేతులు నేల వైపు తిప్పండి.

ఎరువుల కొట్టు పెద్దలకూ ఓ మాట. ఊళ్ళో డాక్టరు మీరే అయిపోయారు. అప్పు మీ దగ్గర ఉంది కాబట్టి మందు చీటీ కూడా మీ దగ్గరే ఉంది. యూరియా కావాలంటే ఇంకేదో సీసా తీసుకోవాలని లంకె పెట్టడం ఆపండి. రైతు చేతిలో పరీక్ష ఫలితం ఉంటే దాని ప్రకారమే ఇవ్వండి. భాస్వరం అక్కర్లేదని రాసి ఉంటే పొటాష్ అమ్మండి, జింకు అమ్మండి. మీ వ్యాపారం పోదు, రైతు నిలబడితే మీ అప్పే వసూలవుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పనికి వద్దాం. మొదటిది మట్టి పరీక్ష. భూసార కార్డు మాకు వచ్చింది, ఇంట్లో ఎక్కడో ఉంది అంటారు. 2015లో ఆ పథకం మొదలైనప్పుడు నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు. అంటే ఆరెకరాలకు ఒకటి. మీ చేతిలోని కార్డు మీ పక్క చేను మట్టిది కావచ్చు. అందుకే మీ చేలో మట్టి మీరే తీయాలి. అది గంట పని. గట్టు దగ్గర, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట, నీళ్ళు నిలిచే చోట తీయకండి. చేను పొడవునా ఎనిమిది పది చోట్ల పారతో ఆరంగుళాల లోతున వీ ఆకారంలో గుంట తవ్వండి. గుంట పక్క గోడనుంచి పైనుంచి కిందిదాకా అంగుళం మందం పొర చెక్కండి. అన్నిటినీ శుభ్రమైన గుడ్డ మీద పోసి, రాళ్ళూ వేర్లూ ఏరి, కలపండి. గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారేయండి. మిగిలినది కలిపి మళ్ళీ అంతే. అర కిలో మిగిలేదాకా. నీడన ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టి పేరు, సర్వే నంబరు, పోయిన పంట, వేయబోయే పంట రాసిన చీటీ పెట్టండి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఖాళీ యూరియా సంచిలో మట్టి పట్టుకెళ్ళకండి. సంచికి అంటుకున్న ఎరువంతా మీ నేలలో ఉన్నట్టు వస్తుంది, ఇలా పాడైన నమూనాలకు లెక్కలేదు.

పన్నెండు అంశాలు పరీక్షించమని అడగండి, మూడే చేసి పంపితే ఒప్పుకోకండి. జింకు, ఇనుము, బోరాన్, గంధకం, సేంద్రియ కర్బనం రావాలి. ఒక్కరు అడిగితే రేపు రమ్మంటారు. ఊరంతా ఒకే రోజు రెండొందల నమూనాలు తీసుకుని రైతు వేదిక ముందో, రైతు సేవా కేంద్రం ముందో నిలబడితే రేపు రమ్మనడం అంత తేలిక కాదు. వ్యవసాయ కళాశాలల ఆఖరి ఏడాది పిల్లలు గ్రామాల్లో ఉండి పని నేర్చుకోవాలి, అది వాళ్ళ చదువులో భాగం. వాళ్ళను మన చేలల్లోకి పిలవండి. గట్టు మీద ఫొటో దిగి వెళ్ళిపోకుండా పార చేతికివ్వండి.

రెండోది మిరప ఊళ్ళకు. మన పంటకు ఉన్న ఒక అదృష్టాన్ని మనం వాడుకోవడం లేదు. నారు నాటేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. తొలకరి పడేది జూన్‌లో. ఈ మధ్య కాలంలో చేను ఊరికే ఉంటుంది. తొలి వానకే జీలుగ, జనుము, పిల్లిపెసర, ఏది దొరికితే అది చల్లండి. పూతకొచ్చే వేళకు, అంటే నలభై అయిదు రోజులకు అటూ ఇటుగా, కలియదున్నండి. కుళ్ళడానికి రెండు మూడు వారాలు ఇవ్వండి. పశువులు తగ్గిపోయిన ఊళ్ళో పది టన్నుల పెంట ఎక్కడినుంచి తేవాలని అడిగేవాళ్ళకు సగం జవాబు ఇదే. విత్తనం సబ్సిడీ మీద ఇస్తారు, కానీ అదను దాటాక వస్తే దండగ. కాబట్టి ఎవరికి ఎన్ని కిలోలు కావాలో ఇప్పుడే జాబితా రాసి అధికారి బల్ల మీద పెట్టాలి.

మూడోది గొర్రెల మంద. వేసవిలో మందలు తోలుకొచ్చే కాపరులతో ఒక్కొక్క రైతు బేరమాడితే రేటు పెరుగుతుంది, మంద ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ళ చేలోనే ఉంటుంది. ఊరు ఒకటై కాపరులతో ఒప్పందం చేసుకుని, ఏ రాత్రి ఏ చేలో మంద పెట్టాలో వరుస రాసుకుంటే చిన్న రైతుకూ వంతు వస్తుంది. వాళ్ళ జీవాలకు మేతా నీళ్ళూ మనం చూడాలి. ఎర్ర చెల్కలున్న చోట చెరువు పూడిక మట్టి కూడా అంతే, ట్రాక్టర్లు ఒక్కసారిగా దిగితేనే గిట్టుబాటవుతుంది. తోలే ముందు దాన్నీ పరీక్షకు పంపండి, చౌడు మట్టి తెచ్చుకుని ఏడవొద్దు. నల్లరేగడికి చెరువు మట్టితో పెద్దగా పనిలేదు, ఆ డబ్బు పెంటకు పెట్టండి.

నాలుగోది అగ్గిపుల్ల. కొయ్యకాళ్ళు, చొప్ప, పత్తి కట్టె, మిరప మోళ్ళు, తవ్వకానికి ముందు కోసిన పసుపు ఆకు, అన్నిటికీ నిప్పు పెట్టడం అలవాటైపోయింది. వరి గడ్డిని కాలిస్తే అందులోని నత్రజనిలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. కట్ట కొని వేసింది మంట పెట్టి గాలికి ఎగరేసి, మళ్ళీ కట్ట కొంటున్నాం. వైరస్ పట్టిన మొక్కలను పీకి కాల్చడం వేరు, చేను చేనంతా అంటించడం వేరు. రోటవేటరు, ష్రెడ్డరు ఇంటికొకటి కొనలేం, ఊరికి రెండు కొనగలం. సహకార సంఘాలు ఉన్నది ఎందుకు, ఎన్నికలకేనా?

పరీక్ష ఫలితాలు వచ్చాక కట్టలు తగ్గించమంటే గుండె జారుతుంది, తెలుసు. పక్కవాడి చేను నల్లగా ఉండి మన చేను కాస్త లేతగా కనిపిస్తే నిద్ర పట్టదు. అందుకే ఒక్కరే తగ్గించొద్దు. ఒక్కో వీధిలో పదిమంది కలిసి, ఎవరి చేలో వాళ్ళు ఒక్క ఎకరంలో పరీక్ష ప్రకారం వేయండి. తక్కిన ఎకరాలు మీ ఇష్టం. యూరియాను నాలుగైదు విడతలు చేసి, మొక్క మొదట్లో వేసి మట్టి కప్పండి. డ్రిప్పు ఉంటే డ్రిప్పులో ఇవ్వండి. జింకు సల్ఫేటును డీఏపీతో కలిపి వేయకండి, రెండూ ముడిపడి దేనికీ పనికిరావు. కోత కోతకూ ఆ ఎకరం కాయ విడిగా తూచండి. తాలు ఎంత పోయిందో, పిచికారీలు ఎన్ని పడ్డాయో పుస్తకంలో రాయండి. పది చేల లెక్క ఒకచోట పెడితే వచ్చే ఏడు గట్టు మీద జరిగే మాట మారుతుంది.

ఊరికొక రోజు పెట్టుకోండి. శ్రీరామనవమి పందిరి దించేలోపే, ఆ పందిట్లోనే కూర్చోండి, మళ్ళీ షామియానా ఖర్చెందుకు. కౌలు రైతులు ముందు వరుసలో కూర్చోవాలి. కలుపు తీసే, కాయ కోసే ఆడవాళ్ళను పిలవాలి, వాళ్ళు మాట్లాడేదాకా మగవాళ్ళు ఆగాలి. భూమి యజమానులు రాలేకపోతే ఫోనులో వినిపించండి. వచ్చేవాళ్ళంతా పోయినేటి ఎరువుల బిల్లులు పట్టుకురండి. బిల్లులు ఇవ్వలేదనో పోయాయనో అనేవాళ్ళు ఎకరానికి ఎన్ని కట్టలు వేశారో నిజం చెబితే చాలు, అక్కడే కూడికలు వేసుకుందాం.